మైమూనా బిగించిన చక్రం

గురజాలలో నూర్ మొహమ్మద్ ముప్పై ఏళ్లు కార్ల మెకానిక్‌గా పనిచేశాడు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. కాలు కొంత కోలుకుంది కానీ చేతికి పట్టు రాలేదు. షెడ్డు మూసేశాడు. పనిముట్ల పెట్టె మాత్రం ఇంటికి తెచ్చుకుని మంచం కింద పెట్టుకున్నాడు. భార్య మైమూనా జాకెట్లు కుడుతుంది. కూతురు జెబా సత్తెనపల్లి బడిలో టీచరు. రోజూ తండ్రి బాగుచేసి ఇచ్చిన పాత కారులోనే వెళ్లొస్తుంది.

ఆ శనివారం జెబా ఊరు చేరబోతుండగా టైరు పంక్చరయింది. పంక్చరు వేసినవాడు గాలి మిషనుతో నట్లు మరీ బిగించేసరికి వెనక చక్రానికి నట్లు పట్టే నాలుగు బోల్టుల్లో, అంటే స్టడ్లలో, ఒకటి విరిగింది, ఇంకోదాని మరలు పోయాయి. మిగిలిన రెంటి మీదే బండిని మెల్లగా ఇంటికి చేర్చింది. నూర్ మొహమ్మద్ చక్రం చుట్టూ చూసి, ఇక దీన్ని బయట ఎవరి చేతా ముట్టించనన్నాడు. కూతురిని పంపి రెండు కొత్త స్టడ్లు తెప్పించాడు.

ఆదివారం పొద్దున వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆయన చెబుతుంటే మైమూనా ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక జాకీ ఎత్తి, చక్రమూ దాని లోపలి డ్రమ్మూ ఊడదీసింది. విరిగిన స్టడ్డును సుత్తితో వెనక్కి కొట్టాలి. ఆమె తడుముతున్నట్టు రెండు దెబ్బలు వేసింది.

"గట్టిగా కొట్టు మైమూనా. ఇనుమే అది, ఏడవదు."

"నువ్వు గమ్మునుండు. చెయ్యి కుదరనియ్యి."

ఐదో దెబ్బకు అది ఊడి లోపల పడింది. రెండోది తీయడం చానా తేలికైంది. కొత్తవాటిని వెనక నుంచి దూర్చి, ముందు వైపు వాషర్లు పేర్చి, నట్టును తిరగేసి పెట్టింది. నట్టు బిగించేకొద్దీ స్టడ్డు తన చోటులోకి రావాలి. స్టడ్లు దిగే హబ్బు తిరిగిపోకుండా మిగిలిన స్టడ్ల మధ్య ఇనప కడ్డీ అడ్డం పెడితే, నూర్ మొహమ్మద్ కూర్చున్నచోటి నుంచే ఎడమ కాలితో దాన్ని తొక్కిపట్టాడు. పానాకు గొట్టం తగిలించి ఆమె ఒంటి బరువంతా వేసి లాగింది. స్టడ్డు తల లోపల ఆనిన శబ్దం ఇద్దరికీ వినిపించింది. అప్పుడాయన చాలని చెయ్యెత్తాడు. ఇన్నేళ్లూ షెడ్డులో కుర్రాళ్లను తిట్టడమే విన్న మైమూనాకు, ఆయన ముఖంలో ఆ నెమ్మది కొత్తగా ఉంది.

డ్రమ్మూ చక్రమూ ఎక్కించి, జాకీ దించి, ఒక నట్టు తర్వాత దాని ఎదుటి నట్టు చొప్పున బిగించింది. ఆఖరున ఒకసారి తను చూస్తానని ఆయన ఎడమ చేత్తో పానా అందుకుని లాగాడు. నట్టు కదల్లేదు.

"కొంచెం తిరిగిందిలే," అంది మైమూనా. తిరగలేదని ఆయనకు తెలుసు. అయినా తలూపాడు.

సోమవారం బడి నుంచి రాగానే జెబా కారును వాకిట్లో నిలబెట్టింది. కొత్త స్టడ్లు వేశాక కొంత దూరం తిరిగి మళ్లీ బిగించాలని ఆయన ముందే చెప్పి ఉంచాడు. ఆయన పిలవకముందే మైమూనా కుట్టుమిషను దగ్గర నుంచి లేచి పానా తీసుకుంది.