పల్లేరు కషాయం ఎవరికి

మాదాపూర్ రాళ్ల నడుమ గుండ్రటి అద్దాల మేడ లేచిన ఏడాది, ఐలయ్య గొర్రెల్ని అమ్మేసి, పక్కనే కడుతున్న మరో మేడకు కావలిగా కుదిరాడు. గొర్రెలు పోయినా గొంగడి మిగిలింది. రాయదుర్గం వైపు ఇంకా చదును కాని నేల మీద దాన్ని పరిచి, మెల్లగా ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఎండిన పల్లేరు కాయలు ఉన్నిని పట్టుకునేవి. గొంగడి ఎత్తి చూస్తే నల్లటి ఆకాశంలో ముళ్ల చుక్కలు పొడిచినట్టుండేది.

ఆ కాయల్ని దంచి, మరిగించి ఇచ్చేవాడు. వయసు మీద పడి మూత్రం ధార సన్నగిల్లిన మగవాళ్లకు అది తండ్రి నేర్పిన మందు. తమ కోసమని ఎవరూ అడిగేవారు కాదు. మామకు, అన్నకు అనేవారు. ఐలయ్య తరచి అడిగేవాడు కాదు. మొత్తమే ఆగిపోతే మాత్రం ఇది తాగొద్దని, దవాఖానకు పొమ్మని చెప్పి పంపేవాడు.

ఒక ఉదయం పెద్ద గిన్నెలో కాయలు మరుగుతున్నాయి. ఎవరికని భార్య మల్లమ్మ అడిగితే, లింగయ్య బావకన్నాడు. నిజానికి నిన్నటి నుంచి ఐలయ్యకే చుక్క పడలేదు. పొత్తికడుపు బండలా బిగిసింది.

గిన్నె దించేలోగా లింగయ్యే సైకిల్ దిగాడు. మల్లమ్మ గ్లాసు నింపి అతని ముందు పెట్టింది.

"నాకెందుకు బామ్మర్దీ? నేను పోస్తే ఇప్పటికీ గోడ తడుస్తది" అని నవ్వాడు లింగయ్య.

కడుపు మీద అదిమిపెట్టిన ఐలయ్య చేతిని మల్లమ్మ చూసింది.

"బందైతే తాగొద్దని అందరికి చెప్తివి. నీకెవరు చెప్పాలె?" అంటూ కషాయాన్ని గోడ వారన పారబోసింది.

లింగయ్య వెళ్లి ఆటో తెచ్చాడు.

దవాఖానలో ఇబ్బంది ఎవరికని డాక్టరు అడిగాడు. అలవాటుగా బావ పేరు ఐలయ్య నాలుక చివరిదాకా వచ్చింది. మల్లమ్మ ఒళ్లో గొంగడి పెట్టుకుని, మిగిలిన ముల్లొకటి ఏరుతోంది.

"నాకే సారూ" అన్నాడు.

గొట్టం వేశారు. బిగిసిన బండ లోపల మెల్లగా కరిగి జారిపోతుంటే కళ్లు మూసుకున్నాడు. వాన వెలిసిన చెట్టులా ఒళ్లు తేలికైంది.

సాయంత్రం మల్లమ్మ బయటికెళ్లాక లింగయ్య మంచం దగ్గరికి జరిగాడు.

"బామ్మర్దీ, ఆ కాయలు ఇంక మిగిలినయా? మా అన్నకు జర..."

ఐలయ్య కళ్లు తెరిచాడు.

"మీ అన్నను గా సారు గది ముందటి బల్ల మీద కూసోమను బావా. సారు ఇంకా పోలే."

లింగయ్య తలుపు వైపు చూశాడు. కాసేపటికి వెళ్లి బల్ల చివర కూర్చున్నాడు.