పెద్ద టైర్లు, అమ్మోరి కాడి పానా

మా జీపు యుద్ధంల కొట్లాడి వచ్చిందని రామన్నపేట చుట్టుపక్కల శానా మందికి చెప్పిన. తూటా తగిలిన జాగా గిదేనని బానెట్ మీది సొట్ట గూడ చూపిచ్చిన. కొందరైతే దాన్ని ముట్టి దండం పెట్టుకున్నరు. నిజం చెప్పాలంటే అది ఒక పల్లికాయల వ్యాపారి దగ్గర బస్తాలు మోసిన జీపు. ఆ సొట్ట నేను కొన్న వారానికే మా గొర్ల దొడ్డి గుంజకు గుద్దితే పడ్డది. వయసు మీద పడ్డది, చెప్పిన అబద్ధాలన్ని యాదికుంచుకునుడు కష్టమైతాంది. అందుకే ఒక్కొక్కటి దించుకుంటున్న.

అన్నిట్ల బరువైంది ఆ టైర్ల ముచ్చట.

తెలంగాణ వచ్చిన కొత్తల సంగతి. మా ఇంటామె తల్లిగారి ఊరు తిరుమలగిరి అవతల. ఊరికి ముందల ఒక వాగుంటది, దాంట్ల నీళ్ల కంటె గుండ్లు ఎక్కువ. ఒక ఏడు సద్దుల బతుకమ్మ నాడు మా జీపు పోయి పోయి కడుపు ఆనిచ్చి ఒక గుండు మీద కూసున్నది. చక్రాలు తిరుగుతున్నయి గని బండి జరుగదు. నలుగురు మనుషులు దొరికి దాన్ని లేపేసరికి ఊరి ఆడోళ్లు బతుకమ్మలను సాగనంపి ఇండ్లకు మళ్లిండ్రు. పొద్దుగాల నుంచి మా ఇంటామె పేర్చిన బతుకమ్మ ఆమె ఒళ్లెనే వాడిపోయింది.

ఆమె ఆ పూలను పారెయ్యకుండ ఇంటిదాంక తెచ్చింది. అదే నాకు భయమైంది. మూడొద్దులైనంక చాయ్ గ్లాసు చేతికిచ్చుకుంట చెప్పింది.

"వచ్చే ఏడు గూడ గిట్లనే అయితే, నీ జీపు నువ్వే ఎక్కు. నేను మల్ల ఎక్క."

జీపు కొన్ననాటి సంది నా పక్క సీటు ఆమెదే. నేను చెప్పేటియి సగానికి సగం అబద్ధాలని తెల్సి గూడ దారి పొడుగుత ఊ కొట్టేటిది ఆమె ఒక్కతే. ఆ సీటు ఖాళీ అయితే నేను స్టీరింగుతోని మాట్లాడాలె.

అందుకే మల్ల ఏడు దసరా దగ్గరపడంగనే జీపు ఎత్తు పెంచాలని నల్లగొండ మేస్త్రి కాడికి పోయిన. నల్లమల అడవి ఆ కొసకెల్లి ఈ కొసకు తిరిగొస్త, గంత పెద్ద టైర్లు కావాలన్న. వాగు సంగతి మాత్రం చెప్పలే. మేస్త్రి నన్ను, జీపును మార్చి మార్చి చూసి టైర్లు ఎక్కిచ్చిండు. స్టీరింగు తిప్పి చూస్తె ముందటి టైరు పోయి బండిని మోసే కమాన్ కట్టకు రాసుకున్నది. గొంతు పట్టిన మేక అరిచినట్టు అరిచింది.

చక్రాలను జర బయటికి జరపాలె, స్పేసర్లు పెడదామన్నడు మేస్త్రి. అవెట్లుంటయో అని చూస్తె అచ్చం సర్వపిండి. గుండ్రంగ, మందంగ, నడుమ పెద్ద బొక్క, చుట్టు అయిదు చిన్న బొక్కలు. నూనె ఒక్కటే తక్కువ. పాత బోల్టులు తీసి పొడుగువి వేసి, సర్వపిండిని తొడిగి, దాని మీద చక్రం ఎక్కిచ్చి నట్లు బిగిచ్చిండు. నాలుగు చక్రాలు మడ్గార్డుల బయటికి వచ్చినయి. తాలింఖానల పైల్వాన్ మోచేతులు బయటికి పెట్టి నిలబడ్డట్టు కనవడ్డది మా జీపు.

మేస్త్రి ఒక్కటే మాట రెండుసార్లు చెప్పిండు. యాభై కిలోమీటర్లు నడిచినంక నట్లు మల్లొకసారి బిగియ్యాలె, కొత్త లోహం కూసున్నంక జర వదులైతది. మిలటరీ బండి నడిపెటోనికి నువ్వు చెప్తున్నవా అన్న. ఆయన నవ్విండు. పల్లికాయల వ్యాపారి దగ్గరున్నప్పుడు గూడ ఆ జీపును బాగుచేసింది ఆయనే అని నాకు తర్వాత యాదికొచ్చింది.

ఊర్లెకు రాంగనే జనం గుమిగూడిండ్రు. కృష్ణకు వరదొచ్చినా దీన్ని ఆపలేదని చెప్పిన. ఆ దినం అది దాటింది మా ఇంటి ముందటి మోరీ ఒక్కటే.

ఇగ సద్దుల నాడు పొద్దుగాల మా దిక్కు ఒక ఆచారం. గొర్ల బూరు కత్తిరించే కత్తెర, కొడవలి, గొడ్డలి, గడ్డపార అన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి అమ్మోరి ముందల పెడ్తం. దసరా నాడు జమ్మికి పోయొచ్చినంక గని ఎవరు ముట్టరు. ఆ ఏడు నేను చక్రాల పానాను తళతళ తోమి అన్నిటి నడుమ పెట్టిన. డ్రైవరుకు ఇదే ఖడ్గమని పక్కింటోళ్లకు చెప్పిన. జాకీని గూడ పెడ్దునే గని పీట మీద పట్టలే, బండిలనే ఉన్నది. అప్పటికే జీపు నల్లగొండ నుంచి వచ్చుడు, మేత తెచ్చుడు కలిసి యాభై కిలోమీటర్లు దాటింది. బిగియ్యాల్సిన పానాకు నేను బొట్టు పెట్టిన.

మధ్యాన్నం బయలెల్లినం. జీపు ఎత్తు పెరిగింది, ఆమె మోకాళ్లు మాత్రం పాతయే. పీట వేసి చెయ్యి పట్టి ఎక్కిస్తె, ఇది జీపా అటుకా అని అడిగింది. తంగేడు, గునుగు, బంతి పూలతోని పేర్చిన బతుకమ్మ తాంబాళం ఒళ్లె పెట్టుకున్నది. పీటను వెనక పడేసిన.

వాగు రానే వచ్చింది. బర్రె మడుగు దాటినట్టు నిమ్మలంగ దాటింది జీపు. ఒక్క గుండు గూడ కడుపుకు తగల్లే. "మంచిగనే దాటింది" అన్నది ఆమె. ఆ నోటి నుంచి గంత మాట వినుడు నా పెండ్లయినంక అదే మొదలు.

ఒడ్డెక్కి రెండు పొలాలు దాటినమో లేదో వెనక నుంచి టక్కు టక్కుమని చప్పుడు. టైరుల రాయి ఇరికిందన్న. రాయి గింత తాళం తప్పకుండ కొడ్తదా అన్నది. అంతల బండి వెనక తోక ఊపుడు మొదలుపెట్టింది. ఆపిన. పాలపిట్ట కనవడ్డది, చూసి పోదామన్న. అక్కడున్నది కాకి.

దిగి చూస్తె వెనక ఎడమ చక్రం నట్లు వేళ్లతోనే తిరుగుతున్నయి. చక్రం ఊడితే ఇద్దరం పొలంల పడుదుము. ఊర్లె చప్పట్లు మొదలైనయి, పాట గాలికి వినవడుతాంది. నడిచి పోదామంటె ఆమె మోకాళ్లు ఆ దూరం మొయ్యవు.

గప్పుడే బంతిపూల దండలేసుకున్న ట్రాక్టరొకటి వచ్చింది. నడిపెటాయన ఆమె ఊరోడే, వరుసకు తమ్ముడు. నన్ను చూసి నవ్వుకుంట దిగిండు.

"ఏం బావ, గంత పెద్ద టైర్లు పెట్టినవు, ఒక్క పానా పెట్టుకోలేవా?"

అమ్మోరి కాడ ఉన్నదని చెప్పిన. ఆయన నవ్వు ఆగిపోయింది. ఆయన పానా గూడ అమ్మోరి కాడనే ఉన్నదట. ఊర్లె ఎవరింటికి పోయినా అంతే, పానాలన్ని పసుపు పూసుకొని కూసున్నయి. దసరా దాంక ముట్టొద్దు గద బావ అన్నడు. ఇద్దరం చక్రం దిక్కు చూసుకుంట నిలబడ్డం.

జీపు మీది నుంచి ఆమె గొంతు వచ్చింది.

"తమ్మి, నా కత్తిపీటను ఒక్కనాడన్న అమ్మోరి కాడ కూసోవెట్టిండ్రా ఎవరన్న? పొద్దుగాల గూడ దానితోని కూర కోసి వచ్చిన. ఆయుధం ముట్టొద్దన్నది మీకు, నాకు గాదు. పోయి తీస్కరా. పాపం తగిలితే నాకు తగుల్తది."

తమ్ముడు ట్రాక్టరెక్కిండు. ఆయన ఇల్లు ఊరి మొదట్లనే, పోయి పానాను తువాలల చుట్టి తెచ్చిండు. నేను జాకీ ఎత్తిన. ఆమె బతుకమ్మను నా చేతుల పెట్టి, కదిలియ్యకు అని, పీట వేయించుకొని చక్రం ముందల కూసున్నది. పానాను కండ్లకద్దుకున్నది. ఒకటి బిగిచ్చినంక దాని పక్కది కాదు, ఎదురుగున్నది బిగియ్యాలె అని చెప్పిన. ఇన్ని తెల్సినోనివి ముందుగాల ఎందుకు బిగియ్యలేదని అడుగలే. ఆ దయ నాకు ఇప్పటికి యాదికున్నది.

"బావ, పాట గూడ ఎత్తుకో" అన్నడు ట్రాక్టరాయన. నిండు బతుకమ్మను పట్టుకొని మీసాలతోని నిలబడ్డ నన్ను దారిన పోయే ఆడోళ్లిద్దరు చూసి కొంగులు నోట్లె కుక్కుకున్నరు.

ఒక్క చక్రంతోని ఆగలే ఆమె. నాలుగిటికి తిరిగి తిరిగి బిగిచ్చింది. అయినంక నేను పిలువకముందే పీటెక్కి తన సీట్ల కూసొని, ఇయ్యి అని బతుకమ్మ కోసం చేతులు చాపింది.

మేం పోయేసరికి బతుకమ్మలన్ని ఇంకా నడుమనే ఉన్నయి. ఆమెది గూడ పెట్టింది. మోకాళ్లు ఒప్పుకున్నన్ని చుట్లు ఆడింది. చెరువు కాడ సాగనంపి వచ్చినంక వాళ్ల అక్క అందరికి మలీద ముద్దలు పంచుకుంట అడిగింది, చక్రం ఊడవోయిందట గద, ఎవరు బిగిచ్చిండ్రని.

"ఇంకెవరు? మీ మరిదే" అన్నది మా ఇంటామె, గ్రీజు అంటిన చేతులను కొంగుల దాసుకొని.

అందరు నా దిక్కు తిరిగిండ్రు. నా చేతులకు గునుగు పూల రంగు తప్ప ఏం లేదు. నేను మలీద ముద్ద నోట్లె పెట్టుకొని తలూపిన. అప్పటి సంది ఎవరడిగినా గట్లనే ఊపుతున్న.