సుగుణక్కతో టీ ఐస్‌క్రీమ్

పాలల్లో టీపొడి మరిగి యాలకుల వాసన లేచిందంటే చాలు, సుగుణక్క గొంతు వినిపిస్తుంది నాకు. "రుచి చూశావా అమ్మాయ్?" బహ్రెయిన్‌లో జింజ్ అనే పేటలోని ఈ కెఫే వంటగదిలో పెద్ద గిన్నె ముందు నిలబడి ఇవాళ కూడా ఉలిక్కిపడి చెంచా అందుకున్నాను.

సుగుణక్కది పాలకొల్లు. ఇక్కడ ఒక హోటల్లో లాండ్రీ చూసుకునేది. మా ఎదురు ఫ్లాటే. ఇక్కడ సెలవు శుక్రవారమే; ఆ రోజు తెలుగు చర్చిలో ఎంత గట్టిగా పాడేదో, మామూలుగా మాట్లాడినా అంతే గట్టిగా ఉండేది. నేనేమో ఆర్మూరు పిల్లను. మా ఆయన సిత్రాలోని ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్తే సాయంత్రం దాకా గోడలతో కాపురం. మా ఇంట్లో వండినవాళ్ళు రుచి చూడరు, దేవుడికి పెట్టాకే ఎవరి నోట్లోకైనా. తిన్నవాళ్ళు మెచ్చుకుంటే, "ఏదో చేసినం లెండి, ఉప్పు తక్కువైనట్టుంది" అనడం మర్యాద. ఆ మర్యాదలోనే పెరిగాను.

మా వీధి చివర ఈ కెఫే కొత్తగా తెరిచారు. యజమాని బహ్రెయినీ ఆవిడ. ఎక్కడా దొరకని తీపి ఒకటి చేసి తెస్తే వంటగదిలో పనిస్తానంది. ఆ పని నాకు కావాలి. పెళ్ళయ్యాక నాకోసం నేను కోరుకున్న మొదటిది అదే. సుగుణక్కకు చెబితే, "ఈ ఎండల్లో కూడా అందరూ టీయే తాగుతున్నారు కదా, దాన్నే గడ్డకట్టిద్దాం" అంది.

చిక్కటి టీ కాచి, క్రీమూ డబ్బా పాలూ కలిపి ఫ్రీజర్లో పెట్టాం. గడ్డకట్టాక తిని అక్క మొహం చిట్లించింది. "బాగోలేదు. టీ ఎక్కడికి పోయిందే? చల్లబడితే రుచి చచ్చిపోతోంది." నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్క మాత్రం అప్పటికే మళ్ళీ పాలు పొయ్యి మీద పెట్టింది. "బాగోలేనిది ఐస్‌క్రీమమ్మా, నువ్వు కాదు." ఈసారి వేడిగా తాగలేనంత ఘాటుగా, వెగటు పుట్టేంత తియ్యగా కాచాం. గడ్డకట్టేలోపు నాలుగైదుసార్లు తీసి చిలికాం. తిన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశాం.

మర్నాడు డబ్బా పట్టుకుని ఇద్దరం కెఫేకి వెళ్ళాం. మేడమ్ చెంచా చేతిలోకి తీసుకుని హిందీలో నన్నే అడిగింది, "బాగా వచ్చిందా?" నా నోరు ఊరుకుంటేనా! "అంత బాగా ఏం రాలేదు మేడమ్, ఏదో చేశాను" అన్నాను. ఆవిడకేం తెలుసు మన మర్యాద? చెప్పింది చెప్పినట్టే నమ్మింది. చెంచా కింద పెట్టేసి, "సరే, బాగా వచ్చినప్పుడు తీసుకురా" అని లోపలికి వెళ్ళిపోయింది.

బయటికొచ్చాక సుగుణక్క ఎండలోనే నిలబెట్టి దులిపేసింది. "బాగుందని నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసక్కా. కానీ మనం చేసింది మనమే మంచిగుందంటే ఏమనుకుంటరు?"

"నిజం చెప్పిందనుకుంటారు. రేపు మళ్ళీ వెళ్తున్నావ్. ఇదే డబ్బా. నేను రాను."

వెళ్ళాను. డబ్బా మూత తీసి ఆవిడ ముందు పెట్టాను. "నిన్న తప్పు చెప్పాను మేడమ్. ఇది చాలా బాగుంది. తినండి." ఆవిడ నవ్వి చెంచా తీసుకుంది. డబ్బా సగమయ్యే దాకా కింద పెట్టలేదు. పని నాదైంది.

కిందటేడు సుగుణక్క పని ఖలాస్ చేసుకుని పాలకొల్లు వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు కెఫేకి వస్తే నేను చేసిన ఐస్‌క్రీమ్ కప్పు ముందు పెట్టాను. ఒక చెంచా తిని పెదవి విరిచింది. "చక్కెర తగ్గినట్టుందే."

ఒకప్పుడైతే కప్పు వెనక్కి తీసుకుని క్షమించమనేదాన్ని. కానీ అది నేను రుచి చూసి పెట్టిన కప్పు.

"లేదక్కా. సరిగ్గా ఉంది."

సుగుణక్క రెండో చెంచా నోట్లో పెట్టుకుంది. "అవునే, సరిగ్గానే ఉంది. ఇంక నేను నిశ్చింతగా విమానమెక్కుతాను" అంది.

కప్పు అడుగుదాకా గీకి తినేసింది.

ఇవాళ చెంచాతో టీ రుచి చూశాను. తాగలేనంత ఘాటుగా ఉంది. బాగుంది.