తూటా దెబ్బకు పుట్టీ

కొత్తగా ఉద్యోగంలో చేరినవాడి ఉత్సాహానికి మందు లేదు. ఆ రోజుల్లో నాకు సొట్ట కనిపిస్తే చాలు, చెయ్యి ఊరుకునేది కాదు. శంషాబాద్‌లో కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డులో చేరి మూడు నెలలైంది (మా ఇంట్లోవాళ్లు మాత్రం 'ఆటోమొబైల్ ఇంజినీరు' అని చెప్పుకునేవారు). ఒకరోజు ట్రెయిలరు మీద పాత స్కౌట్ కారొకటి వచ్చింది. యుద్ధంలో సైన్యం కంటే ముందు వెళ్లి, శత్రువు ఎక్కడున్నాడో చూసొచ్చే చిన్న ఉక్కు బండి. రంగులేసి చౌరస్తాలో నిలబెడతారట. లోపలికి దిగి కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి, ఎదురుగా అరచేయంత కిటికీ. ఇందులో కూర్చుని తుపాకులకు ఎదురెళ్లారా అని ఒళ్లు జలదరించింది. బయటికొచ్చి, ఆ భక్తితోనే, డ్రైవరు కూర్చునే వైపున్న రెండు లోతైన సొట్టలకు పుట్టీ పెట్టి నున్నగా రుద్దేశాను.

మర్నాడు పొద్దున పక్క ఊరి నుంచి ఒక రైతు తాత వచ్చాడు. వయసులో ఉండగా ఇలాంటి బండే యుద్ధంలో నడిపాడట, ఇది తనదేమో చూసుకుందామని వచ్చాడు. బండి మీద నంబరు ఎప్పుడో చెరిగిపోయింది. తాత నేరుగా డ్రైవరు వైపు వెళ్లి, నేను నున్నగా చేసినచోటే తడిమాడు. "గీడ రెండు తూటాలు తగిలినయి. రేకు జర పల్చగుంటే ఇయ్యాల నేను లేను," అని మా మేస్త్రీతో చెప్పి, మళ్లీ తడిమి, "కాదు. గిది నా బండి కాదు," అంటూ చెప్పులేసుకున్నాడు (బండి దగ్గరికి వెళ్లేముందు విప్పాడని నేనప్పుడే గమనించాను). చెబితే మేస్త్రీ పనిలో ఉంచడు, చెప్పకపోతే తాత వెళ్లిపోతాడు. ఆయన గేటు దాకా వెళ్లాక, "తాతగారూ, ఆ సొట్టలు నేనే పూడ్చానండీ," అన్నాను. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, "ఏంది, తూటా దెబ్బకు పుట్టీ పెట్టినవా? ఇగ నువ్వే గీకు," అన్నాడు.

గ్రైండరు పెడితే దెబ్బ ఆనవాలే పోతుందని చేత్తోనే గీకాను. తాత ఖాళీ డబ్బా మీద కూర్చుని చూస్తున్నాడు. అవి వేరే సొట్టలైతే ఏం చెప్పాలో నాకు తెలియదు. మధ్యాహ్నానికి రెండూ బయటపడ్డాయి. తాత లేచొచ్చి, రెండింట్లో రెండు వేళ్లు పెట్టి, "గిదే బిడ్డా," అన్నాడు. చాలాసేపు వేళ్లు తియ్యలేదు. అంత గొప్ప దృశ్యం నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు నాకూ ఒక షెడ్డుంది. ఏ కారొచ్చినా, "ఈ సొట్ట ఎలా పడిందండీ? తీసెయ్యమంటారా?" అని ముందు అడుగుతాను. ఇప్పటిదాకా అందరూ గోడకో, గేటుకో గుద్దామనే చెప్పారు. మా కుర్రాళ్లు చాటుగా నవ్వుకుంటారు. నాకూ నవ్వొస్తుంది, అయినా అడుగుతాను.