గంట ముందున్న మిలట్రీ వాచీ

యుద్ధకాలపు చేతి గడియారాలు పోగుచేయడం డబ్బున్నవాళ్ళ సరదా అని మా ఫోర్‌మన్ నలుగురి ముందూ నవ్వాడు. నేను రాజమండ్రిలో లేతు మిషను మీద పనిచేస్తాను. నాకు వాచీల గురించి నేర్పినవాడెవడూ లేడు. పాతవి కొని, విప్పి, పాడుచేసి నేర్చుకున్నాను. ఇంతవరకూ దొరికినవన్నీ డయలు మార్చిన దొంగ సరుకే. ఒక్కటైనా అసలుది ఆ ఫోర్‌మన్ మొహం ముందు పెట్టాలని పంతం పట్టాను. అంబాజీపేట దగ్గర బర్మా యుద్ధానికి వెళ్ళొచ్చిన పెద్దాయన తన వాచీ అమ్ముతారని తోటి పనివాడు చెప్పాడు. "ఆదివారం పదిలోపు వెళ్ళు. పదికి చర్చికెళ్ళిపోతారు."

తెల్లవారుతూనే బస్సెక్కి రావులపాలెంలో దిగాను. అరటిగెలల లారీలు రోడ్డుకి అడ్డంగా ఉన్నాయి. కొత్తపేట మీదుగా పోయే బస్సు ఎక్కడ ఆగుతుందని ముగ్గురినడిగితే మూడు పక్కలు చూపించారు. మూడోదే నిజం. టిక్కెట్టు రెండు రూపాయల లోపే. అంబాజీపేటలో దిగి కాలవగట్టున అరగంట నడిచాను. ఇల్లు చేరేసరికి నా వాచీలో తొమ్మిదిన్నర కాలేదు.

"నాన్నగారు లేరండి, చర్చికెళ్ళిపోయేరు," అంది కూతురు.

"పదికన్నారు కదండీ!"

"ఆయ్. ఆయనకి పది దాటిపోయిందండి."

ఒళ్ళు మండింది. వేళాకోళమా, నిజమా?

చర్చికి వెళ్ళి చూస్తే పాస్టరు కూడా ఇంకా రాలేదు. పెద్దాయన ఒక్కరే ముందు చాప మీద కూర్చుని ఉన్నారు. సంగతి చెబితే వాచీ ఉన్న చెయ్యి చాపారు. నల్లటి డయలు, వెనకమూత మీద మిలట్రీ సరుకుకి కొట్టే సర్కారు బాణం గుర్తు. అసలుదే. టైము మాత్రం పదిన్నర.

"గంట ముందుందండి, తాతగారూ."

"ఉండదా మరి? యుద్ధంలో దేశమంతా గడియారాలు గంట ముందుకి తిప్పేరు బాబూ. మా కెప్టెను గారు వరసలో నిలబెట్టి తిప్పమన్నారు, తిప్పేం."

"యుద్ధం ఆగేక వెనక్కి తిప్పేశారు కదా!"

"దేశానికి చెప్పేరేమో. నాకు చెప్పాల్సినాయన్ని బర్మాలో మేమే మట్టిచేసేం."

"ఇవ్వండి, నేను తిప్పుతాను."

చెయ్యి లాక్కున్నారు. "ఆర్డరివ్వడానికి నువ్వెవరు బాబూ? చూపానడం లేదని ఇచ్చేస్తన్నాను. మా అమ్మాయికిస్తే ఇయ్యాళే సరిచేసేస్తది. రోజూ కీ ఇయ్యి, ముల్లు వెనక్కి తిప్పకు. అలాగైతేనే పట్టుకెళ్ళు."

తప్పు టైము చూపే వాచీ పెడితే ఫోర్‌మన్ ఇంకా నవ్వుతాడు. అది తెలిసీ "అలాగేనండి" అనేశాను. వారం కూలి ఆయన చేతిలో పెట్టాను.

తిరుగు బస్సులో కండక్టరు టైమడిగాడు. రెండు చేతులకీ రెండు వాచీలు. ఏది చూసి చెప్పాలో తోచలేదు.

"ఏంటండీ, పొద్దున్నే చుక్కేసేరా?" అన్నాడు.

నెల దాటింది. ఫోర్‌మన్ అనుకున్నట్టే నవ్వాడు. ముల్లు తిప్పేస్తే వాడి నోరు మూతపడుతుంది, క్షణం పని. వాడు చెప్పిన ప్రతిదానికీ ఎదురుతిరిగే నేను, ఎప్పుడో పోయిన, మొహమైనా తెలియని కెప్టెను మాట ఎందుకు వింటున్నానో నాకే అంతుపట్టడం లేదు. రోజూ కీ ఇస్తున్నాను. ముల్లు జోలికి పోవడం లేదు. మీరెవరైనా ఇలాంటి వాచీ కోసం అటు వెళితే రావులపాలెంలో తొలి బస్సు పట్టుకోండి. పదికి రమ్మంటే, ఎవరి పదికో ముందే అడగండి.