మ్యాపు మీద బొట్లు

సైన్సు మాస్టారు ధనుంజయరావు ఏదైనా అడగాలంటే ముందు మీసం దువ్వుకుంటాడు. తాగే నీళ్లు ఇంటి నుంచే సీసాలో తెచ్చుకుంటాడు. మాచవరం పక్కన తను పాఠాలు చెప్పే ఊరి నీళ్లు గుక్కెడు కూడా ముట్టడు. వానలకు కుళాయి నీళ్లు చెడి ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. జిల్లా సైన్సు పోటీకి ప్రాజెక్టు దొరికింది మరి. రోగం ఏ వీధి నుంచి ఎటు పాకిందో చూపడానికి తొమ్మిదో తరగతి సుకన్య చేత చార్టు మీద ఊరి మ్యాపు గీయించాడు. జబ్బుపడ్డ ఇంటికి ఎర్ర స్టిక్కరు బొట్టు, చావు జరిగిన ఇంటికి నల్లది. ఆ బొట్లు సుకన్య వాళ్లమ్మ పెట్టుకునేవి. మాస్టారు ఒక్కోదాన్నీ గోటితో లేపి, బొటనవేలితో అదిమి, వెనక్కి జరిగి మురిపెంగా చూసుకునేవాడు. "అన్నీ ఎర్రయ్యేగా. జడ్జీలు ఆగి చూడొద్దూ?" అని నిట్టూర్చేవాడు.

ఆ వారంలోనే సుకన్య నాన్న బ్రహ్మయ్య అదే రోగంతో పోయాడు. పెద్దకర్మ అయ్యాక పిల్ల బడికొచ్చింది. "ఏడవమాక తల్లీ. మీ నాయన చానా మంచోడు," అంటూ మాస్టారు తల నిమిరాడు. గొంతు నిజంగానే వణికింది. తర్వాత మ్యాపులో వాళ్లింటిని వెతికి, ఎర్ర బొట్టు పీకి, నల్లది వంకర లేకుండా అంటించాడు. దిగువ బజారులో బొట్టు పెట్టాల్సిన ఇళ్లు ఇంకా చాలా మిగిలాయి. బొట్లేమో అయిపోయాయి. మీసం దువ్వుకున్నాడు.

"రేపొచ్చేటప్పుడు మీ అమ్మ దగ్గర మిగిలినయ్యన్నీ పట్రా. ఇంక ఆమెకెందుకు?"