బల్ల మీది వంతెన

మా మేడగదిలో కిరాయికున్నతను దుబాయి నుంచి తెచ్చుకున్న డబ్బాలో ప్లాస్టిక్ గుట్టలు, కూలిన గోడలు, ఒక వంతెన విడిముక్కలుగా ఉండేవి. వాటిని అతికించి రంగులు వేసేవాడు. వేసిన ప్రతిసారీ గడ్డం బల్లకు ఆనించి, ఒక కన్ను మూసి, వేలెడంత సిపాయి బొమ్మ గుట్ట మీద నిలుస్తుందా అని చూసేవాడు.

అవి తొంభైల తొలి రోజులు. నక్సలైట్ల కోసం వెతుకుతూ, కిరాయికి ఎవరుంటున్నారని పోలీసులు ఇంటింటికీ వచ్చి అడిగేవారు. ఆ వంతెన నాకు అచ్చం మా ఊరి నుంచి మిరుదొడ్డికి పోయే దారిలోదానిలా కనిపించింది. స్కేలు తీసుకెళ్ళి బొమ్మ వంతెనను కొలిచాను. అసలుదాని పొడవుకూ వెడల్పుకూ లెక్క కుదరలేదు. అయినా దాన్ని పేల్చడానికే ఈ నమూనా అన్న అనుమానం పోలేదు.

"గిదంతా ఏంది తమ్మీ? నిజం చెప్పు, లేకుంటే రూము ఖాళీ చెయ్యి."

"యుద్ధం ఆటనే అన్నా. పాచికలేసి, దూరాలు లెక్కగట్టి సిపాయిలను జరుపుడే."

"ఒక్కనివే ఆడుతవా?"

"లే, ఇద్దరు గావాలె."

"మరి రెండోడేడి? నా ఇంటికి ఎవడొస్తుండు?"

అతను ఆకుపచ్చ రంగంటిన చేత్తో కుర్చీని నావైపు జరిపాడు.

"లెక్కలు మంచిగొచ్చేది గీ గల్లీల మీకే గదన్నా. అడగనీకి భయమై ఆగిన."

కూర్చున్నాను. కానీ ఆట మొదలుకాకముందే పాచికను పదేపదే వేసి చూశాను, ఒక వైపే బరువుందేమోనని.